మూడో పలక

పరీక్షల భవనం, మూడో అంతస్తు
జూన్ 9

ఏమండీ గారికి,

ఇరవై ఆరేళ్లుగా "ఏమండీ" అని పిలిచి పిలిచి, కాగితం మీద ఏమని మొదలుపెట్టాలో తెలియక పది నిమిషాలు కలం నోట్లో పెట్టుకుని కూర్చున్నాను. చివరికి ఆ పిలుపుకే ఒక "గారు" తగిలించాను. నవ్వుకోండి.

ఫోన్ చేస్తే రెండు నిమిషాలు దాటనివ్వరు. "అన్నీ వివరంగా ఉత్తరం రాయి, తీరిగ్గా చదువుకుంటా" అంటారు. ఈ కాలంలో మొగుడికి ఉత్తరాలు రాసేదాన్ని నేనొక్కదాన్నే అయి ఉంటాను. తపాలా పెట్టె ఎక్కడుందని అడిగితే ఇక్కడ పరిశోధన చేసే పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గేటు దగ్గర కాపలా ఆయన వచ్చి చూపించాడు.

గది చిన్నది. ఇనప మంచం, బల్ల, కుర్చీ, గోడకో మేకు. కిటికీ తెరిస్తే పక్క భవనం గోడ, దాని మీద తుప్పు పట్టిన నీటి గొట్టం. వచ్చిన మొదటి వారం ఆ గొట్టాన్ని చూసి ఏడుపొచ్చింది. ఇప్పుడు అలవాటైంది. ఎటూ చూడ్డానికి ఇంకేమీ లేదు కదా.

పని సంగతి చెబుతాను. పాతికేళ్ల కిందట వదిలేసిన చోటే మళ్లీ మొదలుపెట్టాను. మామయ్యగారు మంచాన పడ్డ ఏడాది కట్టకట్టి అటక మీద పెట్టిన కాగితాలే ఇప్పుడు నా బల్ల మీదున్నాయి. ఒక మూల చెదలు తిన్నాయి. అదృష్టం బాగుండి, తిన్నది తప్పు లెక్కనే.

మీ షెడ్డులో చేసే ప్రాణరక్షక పడవ పైకప్పునే తీసుకోండి, మీరంతా "టోపీ" అంటారే, అదే. బయట గాజుపీచు పొర, మధ్యలో ఫోమ్, లోపల మళ్లీ గాజుపీచు. అల వచ్చి కొడితే అది ఎంత వంగుతుంది, ఎక్కడ విడిపోతుంది అని లెక్క కట్టేవాళ్లు ఒక సులువైన ఊహతో మొదలుపెడతారు. మందం గుండా ఒక గీత గీశామనుకుంటే, వంగిన తరవాత ఆ గీత కాస్త వాలుతుందే తప్ప తిన్నగానే ఉంటుందని. పలచటి రేకుకు ఇది చాలు. మందమైన పొరల పెంకుకు చాలదు. ఫోమ్ మెత్తన, అది జారినంతగా పై పొరలు జారవు. పైగా పెంకు వంపు తిరిగి ఉంటుంది కాబట్టి బయటి పొర లోపలి పొర కంటే పొడుగు. ఆ తేడానూ "చిన్నదేలే" అని వదిలేస్తారు. అప్పట్లో నేనూ వదిలేశాను. ఈసారి రెండింటినీ వదలదలచుకోలేదు.

మా విభాగం పెద్దసారు మంచివాడే గానీ మాట కరుకు. "కాగితం మీద అందరూ గొప్పవాళ్లేనమ్మా. పలకలు విరిచి చూపించు" అన్నాడు. కాబట్టి మేస్త్రిగారూ, మీ టోపీ అచ్చులోంచే ఐదు వంపు పలకలు, ఐదూ అచ్చం ఒకేలా, పోసి పంపాలి. మీ యజమానికి ఇక్కడి నుంచి వేరే ఉత్తరం వస్తుంది.

డిసెంబరుకి వచ్చేస్తాను. ఆరేడు నెలలు ఎంతలోకి? అని మీరు అన్నారు. ఒక నెల గడిచింది. ఎంతలోకో నాకు తెలిసింది.

మీ
లెక్కలమ్మ


ఫైబర్ షెడ్డు, అచ్చుల గది
జూన్ 24

లెక్కలమ్మకి,

నీ ఉత్తరం షెడ్డు చిరునామాకి రావడంతో అందరి చేతులూ మారి నాదాకా వచ్చింది. కవరు విప్పలేదులే. కానీ "మేస్త్రికి ప్రేమలేఖ" అని రెసిన్ జిగురు కలిపేవాడి నుంచి లారీ డ్రైవర్ దాకా ఒకటే గోల. ఇకమీదట ఇంటికే రాయి.

పలకలకు అచ్చు శుభ్రం చేయించాను. గాజుపీచు గుడ్డ పరిచి రోలర్ నడిపేది రోలరమ్మే. ఆ చేతిలో పడితే గాలి బుడగ దాక్కోడానికి చోటుండదని నీకు తెలుసుగా. ఆరిన తరవాత నాణెంతో తట్టి, మోతను బట్టి లోపల పొర విడిందో లేదో చూసే పని నాది.

నువ్వు రాసిన గీత సంగతి చదివి ఊరుకోలేకపోయాను. పాత టోపీ ముక్క ఒకటి తీసి అంచు నున్నగా రుద్ది, సన్నటి పెన్నుతో మందం గుండా వేలెడు దూరానికొక గీత గీశాను. చివర్లు రెండూ దిమ్మల మీద ఆనించి నడిమధ్యలో బిగింపుతో మెల్లగా నొక్కాను. భూతద్దం పెట్టి చూస్తే, నొక్కిన చోట ఉన్న గీత చెక్కుచెదరలేదు. పక్కలకు వెళ్లేకొద్దీ గీతలు విరిగాయి. అదీ ఎక్కడపడితే అక్కడ కాదు, సరిగ్గా అతుకు దగ్గర. గాజుపీచులో కొంచెం వాలు, ఫోమ్‌లోకి రాగానే పెద్ద వాలు, మళ్లీ గాజుపీచులో కొంచెం. పలచ కాగితం పెట్టి అచ్చు దింపి ఇందులో పంపుతున్నాను. మడత దగ్గర చిరిగితే తిట్టకు.

ఇంట్లో అంతా బాగానే ఉంది. కుక్కర్ రెండుసార్లు అడుగంటింది. ఈల పాడైనట్టుంది, కొత్తది వేశాను, అదీ అంతే. ఈ మధ్య ఏ సరుకూ సరిగా రావడం లేదు. అక్క రోజు మార్చి రోజు వచ్చి గిన్నెలు చూసి మూతి తిప్పుకుని పోతోంది.

నీ పెన్సిల్ చెక్కుళ్లు కిటికీ గట్టు మీద అలాగే ఉన్నాయి. ఊడ్చబోయి మానేశాను. నువ్వున్నప్పుడు వాటి మీదే కదా రోజూ నీతో గొడవ పడేవాణ్ణి.

ఫోన్ చెయ్యనందుకు ఏమీ అనుకోకు. అందులో నీ గొంతు డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టుంటుంది. ఉత్తరమైతే ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు చదువుకోవచ్చు. ఇది నాలుగుసార్లు చదివాను.

నీ
మేస్త్రి


పరీక్షల భవనం, మూడో అంతస్తు
ఆగస్టు 13

ఏమండీ గారికి,

మీ పలచ కాగితాన్ని బల్ల ముందు గోడకు అంటించాను. పిల్లలు వచ్చి చూసి "ఏ ప్రయోగశాలలో తీశారు మేడమ్?" అన్నారు. "మా ఆయన ప్రయోగశాలలో" అన్నాను. ఎంత గర్వంగా అన్నానో మీరు చూడాల్సింది.

రెండు నెలలుగా ఆ విరిగిన గీత వెనకాలే తిరిగాను. ఇప్పుడు పట్టుకున్నాను. ఇలా ఆలోచించాను: అతుకు దగ్గర గీత విరగొచ్చు, కానీ పై పొర కింది పొరను ఎంత బలంగా లాగుతోందో, కింది పొర కూడా పై పొరను అంతే బలంగా లాగాలి. అందులో తేడా ఉండడానికి వీల్లేదు. బయటి ముఖం మీద, లోపలి ముఖం మీద ఆ లాగుడు సున్నా కావాలి, అక్కడ లాగడానికి గాలి తప్ప ఎవరూ లేరు కాబట్టి. ఈ రెండు షరతులూ పెట్టేసరికి గీత ఎక్కడ ఎంత విరగాలో దానంతటదే తేలిపోయింది. పొరకో కొత్త తెలియని సంఖ్య అక్కర్లేదు. పొరలు మూడైనా ముప్పై అయినా కనుక్కోవలసినవి ఐదే! వంపు తేడాను కూడా వదలకుండా మోసుకొచ్చాను. సమీకరణాలు పొడుగయ్యాయి, అవనీ. పాత సూత్రం కంటే నా పెంకు మూడో వంతు ఎక్కువ వంగుతోంది. ఏది నిజమో మీ పలకలే చెప్పాలి.

ఆ లెక్క తేలిన సాయంత్రం ఎవరికి చెప్పాలో తెలియలేదు. పిల్లలు సినిమాకి వెళ్లారు. మెట్ల మీద కూర్చుని మీకు ఫోన్ చేశాను. గుర్తుందా? "తేలిపోయిందండీ" అన్నాను. మీరు "సరే సరే, భోంచెయ్" అని పెట్టేశారు.

ఇంకొకటి కూడా రాసేస్తాను, కడుపులో పెట్టుకుంటే బరువు. పోయిన వారం "నాలుగు రోజులుగా జ్వరం" అన్నాను. "మంచిది, మంచిది" అన్నారు. "తగ్గడం లేదు" అన్నాను. "అలాగే కానీ" అన్నారు. ఇప్పుడు తగ్గిపోయింది లెండి. కానీ ఫోన్ పెట్టేశాక చాలాసేపు దాన్ని చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను. ఉత్తరంలో మీరు ఒక మనిషి, ఫోన్‌లో ఇంకో మనిషి. నాకు ఉత్తరంలో మనిషే కావాలి. కానీ ఆయనకు గొంతు లేదు. నాకు మీ గొంతు వినాలని ఉంటుంది. నా మీద విసుక్కున్నా ఫరవాలేదు.

మీ
లెక్కలమ్మ


ఇంటి వసారా
సెప్టెంబర్ 2

లెక్కలమ్మకి,

జ్వరం సంగతి చదివి రోజంతా నా మీద నాకే అసహ్యం వేసింది. గ్రైండర్ ఆడుతుంటే దాని పక్కన నిలబడి మాట్లాడాను. మాట సరిగా అందలేదు. మందులు వేసుకున్నావా? ఎవరు చూశారు? ఎవరైనా కాస్త వేడిగా ఏదైనా తెచ్చిపెట్టారా? ఈ మూడింటికీ విడివిడిగా జవాబు రాయి. "బాగానే ఉన్నాను" అని ఒక ముక్కతో సరిపెట్టకు.

లెక్క తేలిందన్న పేజీ షెడ్డుకు తీసుకెళ్లి రోలరమ్మకి చదివి వినిపించాను. "అమ్మగారు ఏదో సాధించిందని మాత్రం అర్థమైంది మేస్త్రీ" అంది. నాకు అంతకంటే కాస్త ఎక్కువే అర్థమైందిలే. ఆ విరుపు సంగతి ముప్పై ఏళ్లుగా చేతికి తెలుసు, నోటికే తెలియదు.

పలకలు ఐదూ నిన్న లారీకెక్కాయి. ఒక్కొక్కదాన్ని నేనే తట్టి చూసి సంతకం పెట్టాను. నాణెం అరిగిపోయిందేమో, ఈసారి మోత కాస్త మొద్దుగా అనిపించింది. వేరే నాణెం మార్చాను. రెసిన్ కూడా కొత్త రకం. అన్నీ బాగానే ఉన్నాయి.

నీ వైపు దిండు గలీబు ఉతికించాను. ఉతికించకుండా ఉండాల్సింది.

నీ
మేస్త్రి


పరీక్షల భవనం, కింది యంత్రాల గది
అక్టోబర్ 8

ఏమండీ గారికి,

ముందు మీ మూడు ప్రశ్నలు. మందులు వేసుకున్నాను. చూసింది భవనం కింద క్లినిక్‌లో డాక్టరమ్మ. వేడిగా తెచ్చిపెట్టింది కాపలా ఆయన భార్య. చాలా?

ఇప్పుడు పలకలు. ఇక్కడి యంత్రం పాతదే గానీ నమ్మకస్తురాలు. మొదటి పలక ఎక్కించాం. కొంచెం కొంచెంగా నొక్కుతూ వంగుబాటు కొలిచాం. నా సూత్రం చెప్పిన దానికీ అది వంగిన దానికీ నూటికి రెండు తేడా! పాత సూత్రం పాతిక తప్పింది. రెండోదీ అంతే. నాలుగు, ఐదు కూడా.

మూడోది కాదు. మొదటి నుంచీ ఎక్కువ వంగింది. మిగతావి మోసిన బరువులో సగం కూడా మొయ్యకుండానే "ఫట్" మంది. యంత్రం ఆపేశాం.

పెద్దసారు అన్నాడు: "ఒకే అచ్చు, ఒకే చెయ్యి, ఒకే సరుకు. నీకు నచ్చలేదని ఒక పలకను పక్కన పెట్టడానికి వీల్లేదమ్మా. అది కూడా సాక్ష్యమే. ఎందుకు విరిగిందో చెప్పు, లేదా నీ సూత్రానికి అది తెలియదని ఒప్పుకో."

ఆయన అన్నది న్యాయమే. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. బాగా ఆలోచించి చెప్పండి. మూడో పలకలో ఏమైనా తేడా ఉందా? గుడ్డ మారిందా, ఆ రోజు తేమ ఎక్కువా, మీరు తట్టినప్పుడు ఎక్కడైనా అనుమానం వచ్చిందా? ఏ చిన్నదైనా సరే.

మీ
లెక్కలమ్మ


ఇంటి వసారా
అక్టోబర్ 21

లెక్కలమ్మకి,

నీ ఉత్తరం అందింది. ఐదు పలకలూ ఒకటే. తేడా ఏమీ లేదు. అన్నీ తట్టి చూసినవే.

ఇక్కడ వానలు. పని ఎక్కువగా ఉంది. ఆరోగ్యం జాగ్రత్త.

మేస్త్రి


పరీక్షల భవనం, మూడో అంతస్తు
నవంబర్ 17

మేస్త్రిగారికి,

మీ ఏడు వాక్యాలూ చదివాను. సరుకు అందినట్టు సంతకం పెట్టి పంపే చీటీ కూడా అంతకంటే పొడుగ్గా ఉంటుంది. కింద "నీ" అన్న ముక్క కూడా రాయలేదు.

మూడో పలక కోసం నా సూత్రానికి ఒక తగ్గింపు గుణకం అతికించాను. అది పెడితే ఐదు పలకలూ ఒక గుంపులోకి వస్తాయి, కానీ చక్కగా కుదిరిన నాలుగూ చెడతాయి. ఎక్కడి నుంచి వచ్చిందీ గుణకం అని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు లేదు. రోజూ దాన్ని చూసి తల తిప్పుకుంటున్నాను. డిసెంబరులో రావడం కుదరకపోవచ్చు.

వదిన ఫోన్ చేసింది. "వీధి తలుపు గొళ్లెం ఊడేలా కొట్టినా తియ్యడం లేదు తమ్ముడు. కిటికీలోంచి చూస్తే లోపలే కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నాడు. పెరటి గుమ్మంలోంచి వెళ్లి ముందు నిలబడితే ఉలిక్కిపడ్డాడు. ఎవరి మీద అలిగాడే?" అంది. నాకేం తెలుసు? నా మీదేనా? ఈ వయసులో మొగుణ్ణి వదిలేసి లెక్కలు చేసుకోవడానికి పోయిందని నలుగురూ అన్నది చివరికి మీ చెవిన కూడా పడిందా?

అదే అయితే ఆ మాట రాయండి. తిట్టినా భరిస్తాను. ఈ ఏడు వాక్యాలు భరించలేను.

లెక్కలమ్మ


ఇంటి వసారా
డిసెంబర్ 1

లెక్కలమ్మకి,

నేను అలగలేదు. నాకు వినబడటం లేదు.

ఈ మాట రాయడానికి రెండు వారాలు పట్టింది. ఇక ఆపకుండా రాసేస్తాను.

పోయినేడు వానల్లో మొదలైంది. ముందు సన్నటి మోతలు పోయాయి. కుక్కర్ ఈల, సైకిల్ గంట, నీ గాజుల చప్పుడు. నువ్వు గాజులు తీసేశావేమో అనుకుని నీ చేతుల వంక చూశాను ఒకసారి. తరవాత మాటలు. ఎదురుగా ఉంటే పెదాలు చూసి నెట్టుకొచ్చేవాణ్ణి. ఫోన్‌లో పెదాలు లేవు. నీ గొంతు నాకు తెలుస్తుంది. అది నీ గొంతేనని తెలుస్తుంది. అందులో మాటలే తెలియవు. నువ్వు సంతోషంగా ఉన్నావో ఏడుస్తున్నావో పట్టుకోవాలని చూసి, ఊహించి, ఏదో ఒకటి అనేవాణ్ణి. జ్వరానికి "మంచిది" అన్నది అలాగే. ఉత్తరాలు రాయమన్నది అందుకే.

నీకెందుకు చెప్పలేదంటే, చెప్పిన మర్నాడే నువ్వు రైలెక్కి వచ్చేస్తావు. మా నాన్న కోసం ఒకసారి కాగితాలు కట్టగట్టావు. అటక మీద ఆ కట్టను చూసినప్పుడల్లా నాకు తల వంగిపోయేది. రెండోసారి నా చెవుల కోసం కట్టిస్తే ఇక నీ మొహం చూడగలనా? అందుకని దాచాను. మంచిపనే చేస్తున్నాననుకున్నాను.

ఇప్పుడు మూడో పలక. అక్టోబరులో నీ ఉత్తరం చూశాక ఆ పలక అంచు నుంచి కోసిన మిగులు ముక్క చెత్తలోంచి వెతికి తీశాను. రోలరమ్మను పిలిచి నాణెం చేతికిచ్చి, తట్టమన్నాను.

"ఇక్కడ పలుకుతోంది మేస్త్రీ. ఇక్కడ పలకట్లేదు. మట్టిని తట్టినట్టుంది" అంది.

"సరిగ్గా వింటున్నావా?"

"వినేదేముంది, తెలిసిపోతుంటే? మీకు వినబడట్లేదా?"

ఆవిడ నా మొహం చూసి నాణెం బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. మర్నాటి నుంచి నాతో మాట్లాడాలంటే ఎదురుగా వచ్చి నిలబడుతోంది. ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజే నీకు "ఐదూ ఒకటే" అని రాశాను. తెలిసీ రాశాను. పలక లోపల పొర విడిపోయి ఉంది. దాన్ని నేను తట్టి, ఏమీ వినకుండా, నా చేతి అలవాటును నమ్మి సంతకం పెట్టాను. అన్నీ మొద్దుగా మోగుతుంటే నాణేన్ని అనుమానించాను, రెసిన్‌ను అనుమానించాను, నన్ను తప్ప. నీ సూత్రంలో తప్పు లేదు. ఆ గుణకం తీసిపారెయ్.

ముప్పై ఏళ్లు గ్రైండర్ల మధ్య చెవులు మూసుకోకుండా తిరిగాను. మూసుకుంటే తట్టు వినబడదని. ఇదీ నా తెలివి.

ఇంకా పెద్ద సంగతి ఉంది. ఈ ఏడాదిన్నరలో నేను తట్టి పంపిన టోపీలు పందొమ్మిది. సముద్రంలో ఓడ మునిగితే మనుషులు వాటి కిందికి దూరతారు. రేపు పొద్దున్నే యజమానికి చెబుతాను. ముందు నీకు చెప్పాలనిపించింది.

నీ
మేస్త్రి


పరీక్షల భవనం, మూడో అంతస్తు
డిసెంబర్ 7

ఏమండీ,

మొదటి పేరా దగ్గర ఏడ్చాను. నాలుగో పేరా దగ్గరికి వచ్చేసరికి ఒళ్లు మండిపోయింది. ఎవరండీ మీకు చెప్పింది, నా కోసం నా బదులు నిర్ణయించమని? పాతికేళ్ల కిందట ఆ కట్ట కట్టింది నేను. మీరు కట్టించలేదు. నేను చెయ్యదలచుకుంది చేశాను. మామయ్యగారికి నా చేత్తో అన్నం పెట్టడం నాకు ఇష్టమై పెట్టాను. దానికి మీరు తల వంచుకుని తిరుగుతున్నారని నాకిప్పుడా తెలిసేది?

ఇంకా వినండి. కాదు, చదవండి. నేనూ ఒకటి దాచాను. అక్టోబరు ఆఖర్లోనే పెద్దసారు ఇంకో ఆరు నెలలు ఉండి కొత్త పలకలతో మళ్లీ చెయ్యమన్నాడు. మిమ్మల్ని అడక్కుండా సరేనని సంతకం పెట్టాను. మూడో పలక అంతు తేలకుండా ఇంటికొచ్చి మీ పక్కన కూర్చుంటే నాకు ఊపిరాడదనిపించింది. మీకెలా చెప్పాలో తెలియక "కుదరకపోవచ్చు" అని గొణిగాను. నన్ను ఆపకూడదని మీరు దాచారు. దాచినందుకే నేను ఇక్కడ ఇంకో ఆరు నెలలకు కట్టుబడ్డాను. ఎవరిని తిట్టుకోవాలో చెప్పండి.

మొన్న మూడో పలకను కోయించాం. బయటి పొరకూ ఫోమ్‌కూ మధ్య అరచేయంత మేర రెసిన్ తడే తగల్లేదు. ఫోమ్ కొత్తగా, తెల్లగా మెరుస్తోంది. ఆ అరచేయంత చోట లాగుడు లేదని నా లెక్కలో పెట్టి మళ్లీ కట్టాను. మూడో పలక వంగిన తీరు నూటికి నాలుగు తేడాతో వచ్చేసింది. గుణకం తీసేశాను.

పెద్దసారుకు మీ ఉత్తరంలో పలక గురించి రాసిన పేజీ మాత్రం చూపించాను. ఆయన కళ్లద్దాలు తీసి, "తన తప్పు తనే రాసి పంపాడా?" అన్నాడు.

"అవునండీ."

"అలాంటి మనిషి పోసిన మిగతా నాలుగు పలకలను నేను నమ్ముతాను" అన్నాడు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి, "అయినా అవి కూడా కోయించమ్మా" అన్నాడు.

కోయించాం. నాలుగూ లోపల ఏ మచ్చా లేకుండా ఉన్నాయి.

పందొమ్మిది టోపీల సంగతి ఏమైంది? చెవుల డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్తున్నారు? ఈ రెండింటికీ విడివిడిగా జవాబు రాయండి. ఈ శనివారం రైలు ఉంది. రమ్మంటే వస్తాను. వద్దంటే ఎందుకు వద్దో రాయండి. "నీ మంచికే" అని మాత్రం రాయకండి.

మీ
లెక్కలమ్మ


ఇంటి వసారా
జనవరి 4

లెక్కలమ్మకి,

నీ కోపం చదివి ఎన్నాళ్లకో మనసు నిమ్మళించింది. ఎదురుగా నిలబడి తిట్టినట్టే ఉంది. ప్రతి ముక్కా వినబడింది.

అది అందిన రోజే రెండే వాక్యాలు రాసి పంపాను కదా, రావద్దని. ఎందుకో ఇప్పుడు రాస్తున్నాను. టోపీలు వెనక్కి వస్తుంటే నువ్వు పక్కనుంటే నీ వెనకాల దాక్కునేవాణ్ణి. దాక్కోకూడదనుకున్నాను.

యజమాని మొదట నమ్మలేదు. నమ్మాక కుర్చీలోంచి లేచి నా ముందే మూడుసార్లు గదికి అడ్డంగా తిరిగాడు. "ఇన్నాళ్లు నీ సంతకం చూసి నేను ఇంకో కాగితం చదివేవాణ్ణి కాదు" అన్నాడు. పెదాలు చూసి తెలుసుకున్నాను. ఆయన అరిచినా బాగుండేది. పందొమ్మిదింటినీ వెనక్కి పిలిపించాడు. రోలరమ్మ ఒక్కొక్కదాన్ని జానెడు జానెడూ తట్టింది. నేను సుద్దముక్క పట్టుకుని వెనకాలే నడిచాను. ఆవిడ వేలు చూపించిన చోట సున్నా చుట్టాను. రెండింటిలో విడిపోయిన చోట్లు దొరికాయి. ఒకటి అప్పటికే ఓడ మీదకెక్కి ఏడు నెలలైంది. ఎవరికీ ఏమీ కాలేదు.

ఇకమీదట తట్టే పని రోలరమ్మది. నన్ను అచ్చుల పనిలో ఉంచాడు. పంపెయ్యలేదు. కానీ టోపీ ఆరిన రోజు అందరూ చుట్టూ చేరి నిశ్శబ్దంగా నిలబడతారే, ఆ నిశ్శబ్దం నాకోసమే ఉండేది. ఇప్పుడు నేనూ ఆ గుంపులో నిలబడుతున్నాను.

డాక్టరు దగ్గరికి అక్క తీసుకెళ్లింది. దారంతా నా చెవిలో కాక వీధికంతా వినబడేలా మాట్లాడింది. ఎడమ చెవి ఇక రాదట. కుడి చెవికి మిషన్ పెడితే ఎదురుగా మాట్లాడే మాటలు తెలుస్తాయట. పెట్టారు. పెట్టగానే మొదట విన్నది అక్క తిట్లు. తీసేసి జేబులో పెట్టుకున్నాను.

నువ్వు జూన్ దాకా అక్కడే ఉండు. సంతకం పెట్టావు, పని పూర్తి చెయ్. నాకు నెల రోజుల సెలవు దొరికింది. నేనే వస్తే ఆ ఇనప మంచం మీద ఇద్దరం పడతామా?

నీ
మేస్త్రి


నా గది, బల్ల మీద
జనవరి 19, పొద్దున ఆరున్నర

ఏమండీ,

మీరు మంచం మీద నిద్రపోతున్నారు. నేను రెండడుగుల దూరంలో కూర్చుని మీకు ఉత్తరం రాస్తున్నాను. ఇంత దగ్గర నుంచి రాయడం ఇదే మొదటిసారి. ఎనిమిదింటికి యంత్రం ఎక్కించాలి, నేను వెళ్లేసరికి మీరు లేవకపోవచ్చు. నీళ్లు వేడిగా ఉన్నాయి. మెట్ల కింద కాపలా ఆయన భార్యతో చెప్పాను, టిఫిను ఆవిడ తెస్తుంది. తలుపు కొడితే మీకు తెలియదని గడియ పెట్టలేదు.

నిన్న స్టేషన్‌లో ఎంతమంది ఉన్నా మీ పెట్టె తాడు చూసి గుర్తుపట్టాను. మీరు నన్ను చూసి ఏదో అన్నారు. జనం చప్పుడులో అది నాకే వినబడలేదు. ఇద్దరం ఒకేసారి "ఏంటీ?" అన్నాం. పక్కనున్న కూలీ నవ్వాడు.

సాయంత్రమంతా మీరు మిషన్ పెట్టుకుని నా ఎదురుగా కూర్చుని నా నోటి వంకే చూశారు. పెళ్లైన కొత్తలో కూడా అంత శ్రద్ధగా చూడలేదు. పలకలు చూపించాను, కోసిన మూడోదాన్ని చేతిలోకి తీసుకుని ఆ తెల్లటి చోటును బొటనవేలితో చాలాసేపు తడిమారు.

ఇందాక, వెలుతురు వస్తుండగా మెలకువ వచ్చింది. మీ చెవి నా నోటి పక్కనే ఉంది. ఇరవై ఆరేళ్ల అలవాటు కదా, మెల్లగా ఒక మాట అన్నాను. మీరు కదల్లేదు. మిషన్ బల్ల మీద దాని డబ్బాలో ఉంది. ఎదురుగా కూర్చుని చెప్పే మాటలన్నీ మనకు మిగిలాయి. ఇలాంటి మాటే పోయింది. గట్టిగా అంటే అంతస్తంతా వింటుంది, లేపి చెబితే ఆ మాట ఆ మాటలా ఉండదు.

నేనన్నది ఇది. మీరు లేకుండా నేను బతగ్గలనని ఈ ఎనిమిది నెలల్లో తెలుసుకున్నాను. తెలియకుండా ఉంటే బాగుండేది. ఇప్పుడిక మీ పక్కన ఉండాలనుకోవడానికి నాకు మీరు తప్ప వేరే కారణం లేదు.

చిన్న చిన్న అక్షరాలతో రాశాను. గుసగుస అనుకోండి.